మ్యూనిక్ ఒకసారి మారింది, మళ్ళీ వెనక్కి మారింది. మరి మన ఇంటి ల్యాప్‌టాప్?

(ఈ వారం ఎపిసోడ్ పూర్తి పాఠం ఇది. మాట్లాడినట్టే ఉంచాను, తడబాట్లు మాత్రం తీసేశాను.)

  ఈ వారం టాపిక్ మా డైనింగ్ టేబుల్ దగ్గర పుట్టింది. జర్మనీలో ఉన్న చాలా ఇళ్ళల్లో ఇప్పుడు ఇదే చర్చ నడుస్తోందని నాకు వచ్చే మెయిల్స్ చూస్తే అర్థమవుతోంది.

విషయం ఏంటంటే, మా ఇంట్లో మూడు ల్యాప్‌టాప్‌లున్నాయి. మా అమ్మాయిది కొత్తది. నాదీ, మా ఆవిడదీ 2017లో కొన్నవి. రెండింట్లోనూ ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్లు, రెండింట్లోనూ విండోస్ 10. బండ్లు బ్రహ్మాండంగా నడుస్తున్నాయి. బ్యాటరీ ఒకసారి మార్పించాం, అంతే. కానీ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామా అంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలంటుంది, ఇంటెల్‌లో అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లే కావాలంటుంది. మావి ఒక్క తరం వెనక. యూరప్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఉచితంగా ఇస్తున్నారు కాబట్టి 2026 అక్టోబర్ దాకా గడువుంది. ఆ తర్వాత ఏం చెయ్యాలి?

నేనేమో ఉత్సాహంగా, "లినక్స్ వేసేద్దాం, రెండు గంటల పని" అన్నాను.

మా ఆవిడ చపాతీ తిప్పుతూ, నా వైపు చూడకుండానే అడిగింది. "మామయ్యగారికి వేసినట్టు వేస్తారా?"

ఇంక నేనేం మాట్లాడలేదు. ఆ మాట వెనక ఒక కథ ఉంది, చెప్తాను. కానీ ముందు మేముంటున్న ఊరి కథ చెప్పాలి. మ్యూనిక్ నగరపాలక సంస్థ ఇదే ప్రశ్న 15 వేల కంప్యూటర్ల మీద వేసుకుంది, ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ కథ తెలుసుకుంటుంటే నాకు మా నాన్నే గుర్తొచ్చారు.

ఇండియా నుంచి ఏ చుట్టం వచ్చినా మనం మరియన్‌ప్లాట్జ్‌కి తీసుకెళ్తాం కదా. మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి గడియారంలో బొమ్మలు తిరుగుతుంటే అందరూ ఫోన్లు పైకెత్తుతారు. ఆ భవనమే కొత్త రాట్‌హౌస్, అంటే నగరసభ కార్యాలయం. 2003లో వాళ్ళ దగ్గర దాదాపు 14 వేల కంప్యూటర్లుండేవి, వాటిల్లో విండోస్ ఎన్‌టీ 4. ఆ వెర్షన్‌కి మద్దతు ఆగిపోతోంది. మన పరిస్థితే అనుకోండి. కొత్త విండోస్‌కి వెళ్ళాలా, లినక్స్‌కి వెళ్ళాలా అని లెక్కలేసుకుంటున్నారు.

అప్పటి మేయర్ క్రిస్టియాన్ ఊడే. ఈ సంగతి మైక్రోసాఫ్ట్‌కి ఎంత పెద్దదంటే, ఆ కంపెనీ అధిపతి స్టీవ్ బాల్మర్ స్విట్జర్లాండ్‌లో స్కీయింగ్ సెలవుల్లో ఉండి, వాటిని మధ్యలో ఆపుకుని మేయర్‌ని కలవడానికి మ్యూనిక్ వచ్చాడు. ధర కూడా బాగా తగ్గిస్తామన్నారు. అయినా 2003 మే 28న నగర మండలి లినక్స్ వైపే ఓటేసింది. ఆ ప్రాజెక్ట్‌కి లీమక్స్ అని పేరు పెట్టారు.

ఇక్కడొక చిన్న మాట. లినక్స్ ప్రపంచంలో జర్మనీ ఏదో కస్టమర్ మాత్రమే కాదు. సూసే కంపెనీ 1992లో మొదలైంది ఇక్కడే. లినక్స్‌ని మామూలు మనుషులు వాడుకునేలా చేసిన కేడీఈ డెస్క్‌టాప్‌ని మొదలుపెట్టింది టూబింగెన్‌లో చదువుకుంటున్న మథియాస్ ఎట్రిష్ అనే విద్యార్థి. ఏ రోజున ప్రకటించాడో తెలుసా? 1996 అక్టోబర్ 14న. విండోస్ 10 ఆగిపోయింది కూడా అక్టోబర్ 14నే. ఇప్పుడు మనం లిబ్రేఆఫీస్ అంటున్నదాని పూర్వీకుడు స్టార్ ఆఫీస్ కూడా జర్మనీదే, ల్యూనెబర్గ్‌లో మార్కో బొరీస్ అనే కుర్రాడు 1985లో పెట్టిన కంపెనీ నుంచి వచ్చింది. దాన్ని 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొనుక్కుని, తర్వాత ఓపెన్ ఆఫీస్‌గా బయటికి వదిలింది. కాబట్టి మ్యూనిక్ వాళ్ళు చేసింది ఎవరో పరాయివాళ్ళ ప్రయోగం కాదు, పెరటి చెట్టునే వాడుకుందామనుకున్నారు.

మొదట డెబియన్ మీద, తర్వాత ఉబుంటు మీద సొంత లినక్స్ తయారుచేసుకున్నారు. 2006లో కంప్యూటర్లు మార్చడం మొదలైంది. అనుకున్నదానికన్నా ఏళ్ళు ఎక్కువ పట్టింది. ఎందుకు పట్టింది అన్నదే మనకి కావలసిన పాఠం.

ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం తేలికేనండీ. చిక్కంతా దాని చుట్టూ ఉన్నవాటితో వచ్చింది. ఒక్కో విభాగానికి ఒక్కో ఐటీ బృందం, ఒక్కో పద్ధతి. దశాబ్దాల పాటు వర్డ్‌లో తయారుచేసుకున్న వేలకొద్దీ ఫారాలు, ఉత్తరాల నమూనాలు, వాటిల్లో ఎవరో రాసి వెళ్ళిపోయిన మాక్రోలు. వీటికోసం వోల్‌మక్స్ అని ఒక సాఫ్ట్‌వేర్ సొంతంగా రాసుకున్నారు, తర్వాత దాన్ని అందరికీ ఓపెన్ సోర్స్‌గా ఇచ్చేశారు. విండోస్‌లో తప్ప నడవని ప్రత్యేక ప్రోగ్రాములు కొన్ని మిగిలాయి, వాటికోసం కొన్ని విండోస్ కంప్యూటర్లు అలాగే ఉంచారు.

ఏదైతేనేం, 2013 చివరికి దాదాపు 15 వేల కంప్యూటర్లు లినక్స్ మీదకి వచ్చాయి. కోటి యూరోలకి పైగా ఆదా అయిందని నగరం వాళ్ళు లెక్క చూపించారు. మైక్రోసాఫ్ట్ డబ్బులిచ్చి చేయించిన ఇంకో అధ్యయనం, కాదు, విండోసే చవకయ్యేది అంది. ఎవరి లెక్క వాళ్ళది.

ఇక్కడికి కథ అయిపోతే సినిమా క్లైమాక్స్‌లా ఉండేది. కానీ 2014లో ఊడే పదవీకాలం ముగిసింది. అదే పార్టీ నుంచి డీటర్ రైటర్ మేయరయ్యారు. ఆయన లీమక్స్ అభిమాని కాదు, ఆ సంగతి దాచుకోనూ లేదు. బయటినుంచి వచ్చే ఆఫీస్ ఫైళ్ళు సరిగ్గా తెరుచుకోవట్లేదని, పనులు ఆలస్యమవుతున్నాయని ఉద్యోగుల ఫిర్యాదులు బయటికి రావడం మొదలయ్యాయి. యాక్సెంచర్ వాళ్ళతో పరిశీలన చేయించారు. 2016లో వచ్చిన ఆ నివేదికలో నాకు ఆసక్తిగా అనిపించింది ఏంటంటే, పెద్ద లోపాలు టెక్నాలజీలో కన్నా నిర్వహణలో ఉన్నాయని చెప్పారు. పాత వెర్షన్లు, చెల్లాచెదురైన ఐటీ బృందాలు, ఎవరికి ఏం బాధ్యతో తేలకపోవడం. ఇవన్నీ విండోస్ వేసినా ఉండే జబ్బులే.

కానీ 2017 నవంబర్ 23న నగర మండలి ఓటు విండోస్ 10 వైపు పడింది. 2020 చివరికల్లా దాదాపు 29 వేల కంప్యూటర్లు విండోస్‌కి మార్చాలి, విండోస్ ఏర్పాటుకే దాదాపు 5 కోట్ల యూరోల అంచనా. అలా పద్నాలుగేళ్ళ కథ వెనక్కి తిరిగింది.

మరి ఏ విండోస్ 10 కోసం వెనక్కి వెళ్ళారో దానికే ఇప్పుడు గడువు తీరింది. దీనికి నవ్వాలో ఏడవాలో తెలియదు.

లినక్స్ అభిమానులు దీన్ని కుట్ర కథగా చెప్తారు. విండోస్ అభిమానులు "చూశారా, మేం చెప్పలేదా" అంటారు. నాకు మాత్రం ఇందులో ఇంకోటి కనిపిస్తుంది. 2003లో నిర్ణయం తీసుకున్నాక రోజూ దానితో బతికింది మండలిలో చెయ్యెత్తినవాళ్ళు కాదు, జనన ధ్రువపత్రాలు ఇచ్చే కౌంటర్లో కూర్చున్న ఉద్యోగి. ఆ ఉద్యోగి ముందు ఫైలు తెరుచుకోనప్పుడు పక్కన ఎవరున్నారు అన్న ప్రశ్న మీదే లీమక్స్ నిలబడింది, పడిపోయింది.

ఇప్పుడు మా నాన్న కథ చెప్తాను.

మా నాన్న తెనాలిలో ఉంటారు. తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. ఊళ్ళో కాలవల గురించి, పాత నాటక సమాజాల గురించి, వాళ్ళ చిన్నప్పటి మాస్టార్ల గురించి వ్యాసాలు రాసేవారు. రిటైరయ్యాక కంప్యూటర్ కొనుక్కుని, డీటీపీ చేసే ఒకాయన దగ్గర కూర్చుని అను ఫాంట్లలో టైపింగ్ నేర్చుకున్నారు. పేజ్‌మేకర్‌లో పేజీలు కూడా ఆయనే పెట్టుకునేవారు. అరవై దాటిన మనిషి రెండు వేళ్ళతో ఒత్తులు వెతుక్కుంటూ పదాలు కూర్చేవారు. ఏడాదికోసారి చిన్న పుస్తకం ముప్పై, నలభై కాపీలు వేయించి బడి స్నేహితులకి పంచేవారు.

2011 వేసవిలో నేను సెలవుకి వెళ్ళాను. అప్పటికి నేను లినక్స్ కొత్తగా తాగినవాణ్ణి, ఆ మత్తు దిగలేదు. నాన్న కంప్యూటర్ చూస్తే విండోస్ దొంగ కాపీ, నిండా వైరస్‌లు. పెన్‌డ్రైవ్ పెడితే చాలు, అందులోకీ ఎక్కేస్తున్నాయి. "నాన్నా, దీన్ని తీసేసి మంచిది వేస్తాను" అన్నాను. ఆయన "నీకు తెలిసిందే కదరా, కానీ" అన్నారు. ఒక్క మధ్యాహ్నంలో ఉబుంటు వేసేశాను. ఆయన ఫైళ్ళన్నీ జాగ్రత్తగా ఒక ఫోల్డర్లో పెట్టాను కూడా. వైరస్‌లు లేవు, బోలెడు స్పీడు. బ్రౌజర్లో తెలుగు పేపర్ తెరిచి చూపించాను, అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. పది రోజుల తర్వాత విమానం ఎక్కేశాను.

ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా "కంప్యూటర్ ఎలా ఉంది నాన్నా?" అంటే "బాగుందిరా" అనేవారు.

అసలు సంగతేంటంటే, ఆయన వ్యాసాలు ఒక్కటీ తెరుచుకోలేదు. కొన్ని అసలు తెరుచుకోలేదు, తెరుచుకున్నవాటిలో తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపించాయి. ఎందుకో రెండు ముక్కల్లో చెప్తాను, మీ ఇంట్లో కూడా ఇలాంటి ఫైళ్ళుంటాయి కాబట్టి. యూనికోడ్‌లో 'క' అనే అక్షరానికి దానికంటూ ఒక నంబరుంది, ఏ కంప్యూటర్లో తెరిచినా అది 'క'నే. పాత డీటీపీ ఫాంట్లలో అలా కాదు. ఫైల్లో ఉండేది ఏదో ఇంగ్లీషు అక్షరం కోడ్, ఆ కోడ్ దగ్గర తెలుగు బొమ్మ గీసి ఉంటుంది ఆ ఫాంట్‌లో. ఆ ఫాంట్ ఉన్నంతవరకే అది తెలుగు. ఫాంట్ తీసేస్తే తాళంచెవి పోయిన బీరువా. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది, విండోస్ ఎక్స్‌పీ నాటికి మామూలు కంప్యూటర్లలోకీ వచ్చింది. కానీ మన అచ్చు ప్రపంచం, పత్రికలు, పెళ్ళి శుభలేఖలు, అన్నీ చాలాకాలం ఆ పాత ఫాంట్ల మీదే నడిచాయి.

ఇది నాకు తెలియదా? తెలుసు. ఉద్యోగమే సాఫ్ట్‌వేర్. కానీ నేను ఆయన్ని "నాన్నా, మీరు రోజూ దీంట్లో ఏం చేస్తారు?" అని అడగలేదు. ఒక్కసారి పక్కన కూర్చుని చూసుంటే సరిపోయేది.

నాలుగు నెలలు చూసి, నాన్న కంప్యూటర్‌ని రిక్షాలో పెట్టించుకుని బజార్లో ఒక షాపుకి తీసుకెళ్ళారు. అక్కడి కుర్రాడు మొత్తం ఫార్మాట్ చేసి మళ్ళీ దొంగ విండోస్ వేసి ఇచ్చాడు. అందులో ఫోల్డర్ ఉందని ఆ కుర్రాడికి తెలియదు, చెప్పాలని నాన్నకి తోచలేదు. తెరుచుకోని ఫైళ్ళు ఎప్పుడో పోయాయనే అనుకున్నారాయన.

మరుసటేడు నేను వెళ్ళినప్పుడు తెలిసింది. "పోన్లేరా, పుస్తకాలు అచ్చయి ఉన్నాయిగా" అన్నారు. అచ్చయినవి ఉన్నాయి. నాటక సమాజాల మీద రాస్తున్నది అచ్చుకి వెళ్ళలేదు. దాని ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అమ్మ చెప్పింది, అరవై పేజీలు దాకా అయిందట.

మా ఆవిడ అడిగిన ప్రశ్న వెనక ఉన్నది ఇదీ.

చూడండి, లినక్స్ చెడ్డదనడానికి ఈ కథ చెప్పట్లేదు. దొంగ విండోస్ మంచిదనీ కాదు. మ్యూనిక్‌లో ఊడే వెళ్ళిపోయాక లీమక్స్‌కి ఏమైందో, నేను విమానం ఎక్కాక నాన్న కంప్యూటర్‌కి అదే అయింది. మార్చినవాడు వెళ్ళిపోయాడు, వాడేవాళ్ళు మిగిలారు. కాబట్టి ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మంచిది అన్న చర్చకి ముందు ఇంకో రెండు ప్రశ్నలు తేల్చుకోవాలి. ఆ కంప్యూటర్ ఎవరిది? రేపు ఇబ్బందొస్తే పక్కన ఎవరుంటారు?

ఇప్పుడు జర్మనీ ఉత్తరానికి వెళ్దాం. ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం, రాజధాని కీల్. వాళ్ళు 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు, దాదాపు 30 వేల ప్రభుత్వ కంప్యూటర్లని మైక్రోసాఫ్ట్ నుంచి ఓపెన్ సోర్స్‌కి మారుస్తామని. డిజిటల్ వ్యవహారాల మంత్రి డిర్క్ ష్రోడ్టర్ దీన్ని నడిపిస్తున్నారు. వాళ్ళు డబ్బు సంగతి చెప్తున్నారు, దానికన్నా గట్టిగా ఇంకో మాట చెప్తున్నారు. ప్రజల సమాచారం మీద, ప్రభుత్వ పని మీద పట్టు ఒక్క విదేశీ కంపెనీ చేతిలో ఉండకూడదని.

నాకు నచ్చింది వాళ్ళు ఎంచుకున్న వరస. ముందే లినక్స్ ఎక్కించలేదు. విండోస్ ఉండగానే వర్డ్, ఎక్సెల్ బదులు లిబ్రేఆఫీస్ ఇచ్చారు. తర్వాత మెయిల్. అవుట్‌లుక్, ఎక్స్ఛేంజ్ తీసేసి థండర్‌బర్డ్, ఓపెన్-ఎక్స్ఛేంజ్. 40 వేలకి పైగా మెయిల్ బాక్సులు, 10 కోట్లకి పైగా మెయిళ్ళు, క్యాలెండర్ ఎంట్రీలు. 2025 అక్టోబర్ మొదట్లో అది పూర్తయింది. ఇబ్బందులు లేకుండా కాదు, ఉద్యోగులు గట్టిగానే ఫిర్యాదు చేశారు. 2025 డిసెంబర్‌కి, పన్నుల శాఖని పక్కనపెడితే, దాదాపు 80 శాతం సీట్లలో లిబ్రేఆఫీస్ వచ్చేసిందని, లైసెన్సుల మీద ఏడాదికి కోటిన్నర యూరోలకి పైగా మిగులుతుందని, మార్పు పనులకి 2026లో ఒక్కసారి 90 లక్షల యూరోలు ఖర్చు పెడతామని ప్రభుత్వం చెప్పింది. లినక్స్ చివర్లో. చివర్లో ఎందుకంటే, ఆ వేళకి మనిషి రోజూ తాకేవన్నీ అప్పటికే మారి, అలవాటై ఉంటాయి. కింద ఏ సిస్టమ్ ఉందన్నది అంత తేడాగా అనిపించదు.

వీళ్ళు నెగ్గుతారని నేను హామీ ఇవ్వను. మ్యూనిక్ కూడా నెగ్గిందనే 2013లో అందరం అనుకున్నాం. కానీ వరస మాత్రం ఇంటికి పనికొచ్చేది. అలాంటి ఓపికకి మన దగ్గరా ఉదాహరణలున్నాయి. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ళ తరబడి లినక్స్ మీదే పాఠాలు చెప్తున్నారు. అక్కడ ముందు టీచర్లకి నేర్పారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు లినక్స్‌ని తెలుగులోకి తెచ్చే పనిని ఎందరో విద్యార్థులతో కలిసి చేశారు. ఈ రోజు లినక్స్‌లో తెలుగు మెనూలు కనిపిస్తున్నాయంటే అలాంటివాళ్ళ చలవే.

సరే, మా ఇంటికి వస్తాను. ఈసారి నేను ఏదీ ఎక్కించలేదు. ఒక ఆదివారం మా ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "నువ్వు రోజూ చేసేవి చెయ్యి, నేను రాసుకుంటాను" అన్నాను. వింతగా చూసింది కానీ చేసింది. జాబితా ఇది.

ఒకటి, పన్ను రిటర్న్. మా ఇంట్లో ఎల్స్టర్ పని ఆవిడదే. ఒకప్పుడు దానికి విండోస్‌లో మాత్రమే నడిచే ప్రోగ్రామ్ ఉండేది, లినక్స్‌కి మారొద్దనడానికి అదొక పెద్ద కారణం. 2019 పన్ను సంవత్సరంతో అది ముగిసింది, ఇప్పుడంతా బ్రౌజర్లోనే. బ్యాంకు పనులూ అంతే. ఇబ్బంది లేదు.

రెండు, తెలుగు టైపింగ్. ఆవిడ వారాంతాల్లో పిల్లలకి తెలుగు బడి నడుపుతుంది, వర్క్‌షీట్లు తనే తయారుచేస్తుంది. లినక్స్‌లో ఐబస్ అని ఒకటుంటుంది, దానికి ఎం17ఎన్ జోడిస్తే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ వస్తుంది, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేవీ వస్తాయి. పాతకాలం ఆర్‌టీఎస్ అలవాటున్న పెద్దలకి అది కూడా ఉంది. కానీ ఆవిడ వేళ్ళకి అలవాటైన పద్ధతికీ వీటికీ కొన్ని అక్షరాల్లో తేడా. 'ఱ' దగ్గర, 'ఞ' దగ్గర తడుముకుంది. పది నిమిషాలు కొట్టి చూసి, "వారం పడుతుంది అలవాటవ్వడానికి" అంది. సరే, వారం అని రాసుకున్నాను.

మూడు, వర్క్‌షీట్లు. అసలు చిక్కు ఇక్కడే. వర్డ్‌లో టెక్స్ట్ బాక్సులు, బొమ్మలు, చుక్కల అక్షరాలు. లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే ఐదింట్లో మూడు బాగానే వచ్చాయి, రెండింట్లో బొమ్మలు పక్క పేజీలోకి జారాయి. పిల్లల ఫీజుల ఎక్సెల్ పట్టీలో ఒక మాక్రో ఉంది, అది పనిచేయలేదు. మ్యూనిక్ నగరానికి వచ్చిన రోగమే, చిన్న సైజులో.

నాలుగు, ప్రింటర్. పనిచేసింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఐదు, నేను రాయని ప్రశ్న, ఆవిడే అడిగింది. "మీరు ఆఫీస్ పని మీద హాంబర్గ్ వెళ్తే, ఆ శనివారం బడికి గంట ముందు ఇది మొరాయిస్తే, నేనెవర్ని అడగాలి? విండోస్ అయితే పక్కింటి ఆవిడనైనా అడుగుతాను."

దీనికి నా దగ్గర జవాబు లేదు. "ఫోన్ చెయ్యి" అన్నాను. "మామయ్యగారు చేశారా?" అంది.

ఎన్నో టెక్నికల్ వాదనలు చదివాను గానీ ఇంత గట్టి వాదన నేనెక్కడా చదవలేదండీ.

చివరికి మేం చేసుకున్న ఒప్పందం ఇది. నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసేశాను, అది నాది కాబట్టి. కేడీఈ డెస్క్‌టాప్ పెట్టుకున్నాను, హాయిగా ఉంది. ఎనిమిదేళ్ళ బండి ఇంకో నాలుగైదేళ్ళు లాగుతుందనిపిస్తోంది. మా అమ్మాయి దాని జోలికి వెళ్ళట్లేదు. తను ఆడే ఆటల్లో కొన్ని మోసాల్ని పట్టే సాఫ్ట్‌వేర్‌తో వస్తాయి, అవి లినక్స్‌లో నడవవు. పైగా తనది విండోస్ 11 పనిచేసే మెషీనే.

మా ఆవిడది మాత్రం విండోస్ 10 మీదే ఉంది, ఆ ఉచిత అప్‌డేట్లకి నమోదు చేశాం. కానీ అందులోనే లిబ్రేఆఫీస్ పెట్టుకుంది. కొత్త వర్క్‌షీట్లన్నీ దాంట్లోనే చేస్తోంది, పాతవి అవసరమైనప్పుడు ఒక్కొక్కటీ సర్దుతోంది. ఆ మాక్రో నేను తిరిగి రాసిచ్చాను. ఒక పెన్‌డ్రైవ్‌లో లినక్స్ వేసి ఇచ్చాను, ల్యాప్‌టాప్‌లో ఏమీ మార్చకుండా దాని నుంచే బూట్ చేసి చూసుకోవచ్చు. నెలకి రెండు, మూడు సార్లు చూస్తోంది. వచ్చే సెప్టెంబర్‌లో ఆవిడే చెప్తుంది, లినక్సా, కొత్త ల్యాప్‌టాపా అని. కొత్తదే కావాలంటే కొంటాం. నేను మొహం ముడుచుకోకూడదు అన్నది ఒప్పందంలో ఆఖరి షరతు. [నవ్వు]

"ఇంత నెమ్మదిగానా?" అని మీలో కొందరు అనుకుంటారు. నిజమే. నెమ్మదితనంలో ప్రమాదం కూడా ఉంది. రేపు రేపు అంటూ గడువు దాటిపోయి, అప్‌డేట్లు లేని మెషీన్లో బ్యాంకు పని చేసుకుంటూ కూర్చునేవాళ్ళు చాలామంది ఉంటారు. దయచేసి అది మాత్రం చెయ్యొద్దు. తేదీ ఒకటి పెట్టుకోండి. ముందు బ్యాకప్ తీయండి, తీశాక ఒక ఫైలు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు, మా నాన్న ఫోల్డర్ లాంటిది.

ఇంకో పని కూడా మొదలుపెట్టాను. పోయిన డిసెంబర్‌లో తెనాలి వెళ్ళినప్పుడు, నాన్నకి టైపింగ్ నేర్పిన ఆ డీటీపీ ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. పుస్తకాలు అచ్చుకి తయారైంది ఆయన దగ్గరే కదా, పాత సీడీలేమైనా ఉంటాయేమోనని. రెండు దొరికాయి. ఒకటి చదవలేదు. రెండోదాంట్లో నాలుగు పుస్తకాల పేజ్‌మేకర్ ఫైళ్ళున్నాయి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే సాధనాలున్నాయి. వాటిల్లో వేస్తే ఒత్తులు అక్కడక్కడ తారుమారవుతాయి గానీ చదవగలిగేలా వస్తుంది. సాయంత్రాలు నాన్న పక్కన కూర్చుంటే, ఆయన ఫోన్లో చదువుతూ తప్పులు చెప్తుంటే నేను దిద్దాను. ఒక పుస్తకం అయింది, మూడున్నాయి. వాట్సాప్ కాల్‌లో కొనసాగిస్తున్నాం.

నాటక సమాజాల వ్యాసం ఆ సీడీలో లేదు. నాన్నని అడిగాను, మళ్ళీ రాస్తారా అని. "ఇప్పుడు ఎవరెవరి పేర్లు గుర్తున్నాయిరా" అన్నారు. తర్వాత వారం ఆయనే ఫోన్ చేసి, "నేను చెప్తుంటే నువ్వు కొడతావా?" అని అడిగారు. కొడుతున్నాను. లినక్స్‌లోనే, యూనికోడ్‌లో. ఆయన్ని ముందే అడిగాను, "నాన్నా, ఈ ఫైలు ఎలా ఉంటే మీకు వీలు?" అని. "ఫోన్లో తెరుచుకుంటే చాలు" అన్నారు.

ఈ వారానికి ఇదండీ. మీ ఇంట్లో ఎవరి కంప్యూటరైనా మార్చాలనుకుంటుంటే, ఈ ఆదివారం ఒక కుర్చీ తీసుకుని వాళ్ళ పక్కన కూర్చోండి. ఏం చూశారో నాకు రాయండి, బాగున్నవి వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. లినక్స్‌కి మారి వెనక్కి వచ్చినవాళ్ళు ముఖ్యంగా రాయండి, ఆ కథలే ఎక్కువ నేర్పుతాయి.

ఉంటాను మరి. నమస్కారం.